పాట మారితే రిమోట్ వెతక్కుండా: మా ఇంటి హార్డ్‌డిస్కు అనుభవం

మా ఇంట్లో పాటలన్నీ ఒక హార్డ్‌డిస్కులో ఉంటాయి. వాటికి ఒక వరసంటూ లేదు. మావయ్యగారు ఐసీఎఫ్‌లో (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) ఉద్యోగం చేసే రోజుల్లో కొన్న క్యాసెట్లు, తర్వాత కొన్న సీడీలు, మా ఆయన హాస్టల్లో ఉండగా చేతులు మారి వచ్చిన ఎంపీ3లు, డిసెంబరు కచేరీల సీడీలు, మా అబ్బాయి తెచ్చి పడేసే కొత్త సినిమా పాటలు, నెల్లూరులో మా నాన్న గుళ్ళో రికార్డు చేసిన ప్రవచనాలు. అన్నిటినీ కలిపి షఫుల్‌లో పెట్టామంటే రిమోట్ చేతిలోంచి దిగదు. ఘంటసాల పాట వినపడక వాల్యూమ్ పెంచుతాం. అది అయిపోయి మొన్నమొన్నటి పాట ఏదో అందుకోగానే ఇల్లు అదిరిపోతుంది. చెన్నై పెరంబూరులో మాది పాత అపార్ట్‌మెంటు, గోడలు పల్చన. పక్కింటావిడ పైకి ఏమీ అనదు గానీ మర్నాడు లిఫ్టులో కనిపించినప్పుడు "నిన్న మీ ఇంట్లో ఫంక్షనా?" అని తమిళంలో నవ్వుతూ అడుగుతుంది.

"అమ్మాయ్, వీటన్నిటినీ ఒక దారిలో పెట్టలేమా?" అన్నారు మావయ్య. నేను చేసేది అకౌంట్స్ పని, సౌండ్ ఇంజనీర్‌ని కాను. అయినా లెక్క తేలని వ్యవహారం ఇంట్లో ఉంటే నాకు నిద్రపట్టదు.

ముందు ఈ తేడా ఎందుకొస్తోందో చూశాను. డిజిటల్ రికార్డింగులో శబ్దానికి ఒక పై హద్దు ఉంటుంది, దాన్ని సున్నా డెసిబెల్ అంటారు. అంతకు మించి పోతే అల తల తెగిపోతుంది, అదే క్లిప్పింగ్. పాత పాటల్లో గొంతు, వాద్యాలు చాలాసేపు ఆ హద్దుకి బాగా కిందనే తిరుగుతూ ఎప్పుడో ఒక డోలు దెబ్బకి పైకి లేచి దిగుతాయి. సీడీలు వచ్చాక, ముఖ్యంగా 1990ల నుంచి, లిమిటర్లు పెట్టి ఆ దెబ్బల్ని అణిచి, మిగతాదంతా పైకి నెట్టడం మొదలైంది. పక్కవాడి పాట కంటే మన పాట గట్టిగా మోగాలన్న పోటీ అది. దాంతో కొత్త పాట మొదటి సెకను నుంచి చివరిదాకా ఆ పై హద్దుకి ఆనుకునే ఉంటుంది. రెండు పాటలూ తాకే గరిష్ఠం ఒకటే. చెవికి తగిలే బరువు మాత్రం ఒకటి కాదు.

ఈ సంగతి తెలియనివాళ్ళు ఇచ్చే సలహా ఒకటుంది: ఆడాసిటీలో (శబ్దం ఫైళ్ళు దిద్దే ప్రోగ్రాము) ఫైలు తెరిచి నార్మలైజ్ కొట్టెయ్ అని. మా ఆయన స్నేహితుడొకాయన అదే చెప్పాడు. కాపీలు తీసి కొన్ని పాటల మీద చేసి చూశాను. ఆ బటన్ చేసేదల్లా ఫైల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఎక్కడుందో వెతికి, అది హద్దుని తాకేదాకా మొత్తాన్ని జరపడం. ఊరు ఎంత ఎత్తులో ఉందో చెప్పమంటే ఊళ్ళో తాటిచెట్టుని కొలిచి చెప్పినట్టు. మా క్యాసెట్ల నుంచి తీసిన ఫైళ్ళలో ఆ తాటిచెట్టు ఏమిటంటే, డెక్ మీద ప్లే మీట నొక్కినప్పుడు పడ్డ "టక్"! తరంగం బొమ్మ పెద్దది చేసి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి అర సెకనులో నిలువుగా ఒక గీత, దాని తర్వాత ఐదు నిమిషాల పాట సన్నటి దారంలా. ఆ గీత అప్పటికే హద్దుని తాకి ఉంది కాబట్టి నార్మలైజ్ కొట్టినా పాట ఇసుమంత కూడా పెరగలేదు. ఎల్పీల నుంచి సీడీలకి ఎక్కించిన కొన్ని పాటల్లో గీత పడ్డ చోట వచ్చే "టిక్" కూడా ఇదే పని చేసింది.

కాబట్టి కొలవాల్సింది శిఖరాన్ని కాదు, చెవికి ఎంత గట్టిగా అనిపిస్తోందో దాన్ని. దీనికి 2001లో డేవిడ్ రాబిన్సన్ అనే ఆయన రీప్లేగెయిన్ అని ఒక పద్ధతి ప్రతిపాదించాడు. అందులో నాకు నచ్చిన తెలివి ఏమిటంటే, పాటని ముట్టుకోదు. ఎంత గట్టిగా ఉందో కొలిచి, "దీన్ని ఇన్ని డెసిబెళ్ళు తగ్గించి వాయించు" అని ఫైలు ట్యాగులో, అంటే పాట పేరు, ఆల్బమ్ పేరు లాంటి వివరాలు రాసుండే చీటీలో, ఒక అంకె రాసి పెడుతుంది. వాయించే ప్లేయరు ఆ అంకె చదువుకుని అంతమేర వాల్యూమ్ సర్దుకుంటుంది. వద్దనుకుంటే ట్యాగు తీసేస్తే చాలు, అసలు శబ్దం ఎక్కడికీ పోదు. పుస్తకంలో అంకెలు దిద్దకుండా పక్కన సర్దుబాటు పద్దు రాసుకోవడం నాకు అలవాటైన పనే.

కొలిచే పద్ధతి తర్వాత మారింది. రాబిన్సన్ పద్ధతిలో పాటని 50 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్క శక్తిని లెక్కగట్టి, వాటిని వరసలో పేర్చి 95 శాతం దగ్గరున్న విలువని తీసుకునేవాళ్ళు. ఇప్పుడు ఎక్కువ ప్రోగ్రాములు వాడేది బీఎస్ 1770 అనే అంతర్జాతీయ ప్రమాణం. టీవీ, రేడియో వాళ్ళ కోసం 2006లో వచ్చింది. యూరప్ ప్రసార సంస్థలు 2010లో దీని మీద ఆధారపడి ఆర్128 అని ఒక నియమం పెట్టుకున్నాయి, వాళ్ళ లక్ష్యం మైనస్ 23 లఫ్స్. లఫ్స్ అన్నది ఈ కొలతకి యూనిట్. సంఖ్య సున్నాకి దగ్గరైన కొద్దీ గట్టిగా ఉన్నట్టు. రీప్లేగెయిన్ రెండో రూపం మైనస్ 18 లఫ్స్‌ని లక్ష్యంగా పెట్టుకుంది, పాత పద్ధతిలోని 89 డెసిబెళ్ళకి దాదాపు సరిపోయేలా.

ఈ కొలతలో రెండు సంగతులు మన పాటలకి బాగా వర్తిస్తాయి. మొదటిది, కొలిచే ముందు శబ్దాన్ని ఒక వడపోత గుండా పంపిస్తారు. అది బాగా లోతైన బేస్‌ని తగ్గించి లెక్కేస్తుంది, రెండు వేల హెర్ట్జ్ పైనుంచి ఉన్న భాగాన్ని నాలుగు డెసిబెళ్ళదాకా పెంచి లెక్కేస్తుంది. మన చెవి స్వభావమూ అదే కదా. ఫ్లెచర్, మన్సన్ ఇద్దరూ 1933లోనే కొలిచి చూపించారు, చిన్న వాల్యూమ్‌లో బేస్ మనకి సరిగా వినపడదని. రెండోది, గేటు. శబ్దాన్ని 400 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుని, మైనస్ 70 కంటే కిందున్నవాటిని వదిలేస్తారు. మిగిలినవాటి సగటు కంటే పది యూనిట్లు కిందున్నవాటినీ మళ్ళీ వదిలేస్తారు. అంటే పాట మధ్యలో నిశ్శబ్దం ఉందని "ఇది మెల్లటి పాట" అని పొరబడదు. హరికథలో దాసుగారు ఆగి మంచినీళ్ళు తాగినా లెక్క తప్పదు.

కొలవడానికి ఫూబార్2000 అనే పాటల ప్లేయరు వాడాను. ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా పరిగెత్తుతుంది. ఫైళ్ళన్నీ ఎంచుకుని కుడి మీట నొక్కితే రీప్లేగెయిన్ మెనూ వస్తుంది. అక్కడ మూడు దారులు: ఒక్కో ఫైలు విడివిడిగా, ఎంచుకున్నదంతా ఒకే ఆల్బమ్‌గా, లేదా ట్యాగుల్ని బట్టి ఆల్బమ్‌లుగా. మూడోదే సరైన దారి, ట్యాగులు సరిగా ఉంటే.

మావి సరిగా లేవు. ఆల్బమ్ అన్న చోట వందల ఫైళ్ళకి ఏదో పాటల వెబ్‌సైట్ పేరు ఉంది. అవన్నీ ఒకే ఆల్బమ్ అనుకుంటుంది స్కానరు. అప్పుడు 1955 పాటకీ 2015 పాటకీ కలిపి ఒకే సర్దుబాటు రాసేస్తుంది, చేసిన పనికి అర్థమే ఉండదు. ఇంకొన్నిటికి ఆల్బమ్ ఖాళీ. ఒకే సినిమా పేరు మూడు రకాల ఇంగ్లిషు స్పెల్లింగుల్లో ఉంటే అది మూడు ఆల్బమ్‌లు. ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాముతో ఫోల్డరు పేరునే ఆల్బమ్ ట్యాగులోకి ఎక్కించి, మిగిలినవి మావయ్య పక్కన కూర్చుని సరిచేశాను. నిజం చెప్పాలంటే మొత్తం పనిలో ఎక్కువ సమయం తిన్నది ఇదే. స్కానింగు కంప్యూటరు చేసుకుంటుంది, మనం పడుకోవచ్చు. ట్యాగులు మాత్రం మనిషే దిద్దాలి. ఏ పాట ఏ సినిమాలోదో మావయ్యకి గాయని దగ్గు దగ్గినా తెలుస్తుంది, నాకు గూగుల్ కావాలి.

క్యాసెట్ల ఫైళ్ళకి ఇంకో పని పడింది. ప్లేయరులో "క్లిప్పింగ్ రాకుండా చూడు" అన్న ఎంపిక ఉంటుంది. అది పెడితే, పెంచమని ట్యాగు చెప్పినా శిఖరం హద్దు దాటేట్టుంటే ప్లేయరు పెంచదు. మంచి జాగ్రత్తే. కానీ మా "టక్"లు అప్పటికే హద్దు మీద కూర్చున్నాయి కాబట్టి, తొమ్మిది డెసిబెళ్ళు పెంచాల్సిన పాట ఒక్క డెసిబెల్ కూడా పెరగదు. అందుకని ఆడాసిటీలో ఆ మొదటి అర సెకను కత్తిరించి మళ్ళీ దాచాను. క్యాసెట్ డెక్‌కి రిచ్చీ స్ట్రీట్‌లో కొత్త బెల్టు వేయించి, హెడ్ తుడిచి, కొన్నిటిని మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది కూడా. తొమ్మిది డెసిబెళ్ళు పెంచితే టేపు "స్‌స్‌స్" కూడా తొమ్మిది పెరుగుతుంది. దానికి మందు లేదు. హిస్ తీసే ఫిల్టర్లు ఉన్నాయి గానీ, గట్టిగా వాడితే గొంతులో తడి ఆరిపోతుంది. నేను వాడలేదు.

స్కాన్ అయ్యాక అంకెలు చూస్తుంటే ఆడిట్ రిపోర్టు చూసినంత ఆనందం. కొత్త సినిమా పాట ఒకటి మైనస్ 8.2 లఫ్స్, అంటే 9.8 తగ్గించమని రాసింది. సీడీ నుంచి తీసిన పాత పాట మైనస్ 19.6, కాబట్టి 1.6 పెంచు. క్యాసెట్టు పాట మైనస్ 27, 9 పెంచు. పది డెసిబెళ్ళ తేడా అంటే చెవికి దాదాపు రెండింతలు గట్టిగా అనిపిస్తుందంటారు. ఆ లెక్కన కొత్త పాటకీ ఆ క్యాసెట్టు పాటకీ మధ్య ఉన్నది దాదాపు నాలుగు రెట్ల తేడా. మన బొటనవేలు రిమోట్ మీద ఇన్నాళ్ళూ చేస్తున్న కూలి అదన్నమాట.

ఇక్కడే ఒక విచిత్రం కనబడింది. ఒకే పాత పాట మా దగ్గర రెండుసార్లు ఉంది. ఒకటి సీడీ నుంచి తీసింది, ఇంకోటి ఎవరో అదే సీడీ నుంచి మోనోలో చేసిన ఎంపీ3. రెండూ ఒకే స్పీకర్లో విడిగా వింటే తేడా తెలియదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాముతో కొలిస్తే మాత్రం మోనోది సరిగ్గా మూడు డెసిబెళ్ళు తక్కువ చూపించింది. కారణం సులువే. ఈ కొలత ఎడమ, కుడి చానెళ్ళ శక్తిని కూడుతుంది. సీడీలో ఎప్పుడూ రెండు చానెళ్ళుంటాయి, పాట మోనోదైనా రెండింటిలోనూ అదే ఉంటుంది. మోనో ఫైల్లో ఉన్నది ఒక్క చానెలే కాబట్టి సగం శక్తే లెక్కకొస్తుంది. కానీ ఇంట్లో అది రెండు స్పీకర్ల నుంచీ మోగుతుంది. ఇలా కొలిచి సర్దితే మోనో పాటలన్నీ మిగతావాటికంటే మూడు డెసిబెళ్ళు గట్టిగా వస్తాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో దీనికి డ్యుయల్ మోనో అని ఒక మీట పెట్టారు. పాత తెలుగు పాటలు పోగేసుకునేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు, మన సేకరణలో సగం మోనోనే. మీట గుర్తుపెట్టుకోవడం నావల్ల కాదని, క్యాసెట్ల నుంచి తీసిన మోనో ఫైళ్ళన్నిటినీ రెండు చానెళ్ళ ఫ్లాక్‌లుగా (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) మార్చేశాను. రెండు చానెళ్ళూ ఒకటే అయినప్పుడు ఫ్లాక్ ఆ తేడాని సున్నాగా రాసుకుంటుంది, ఫైలు సైజు పెద్దగా పెరగదు.

అసలు చిక్కు కచేరీల దగ్గర వచ్చింది. రాగం తానం పల్లవి ఉన్న సీడీ ఒకటి తీసుకోండి. ఆలాపన ఒక ట్రాకు, తానం ఒక ట్రాకు, పల్లవి, తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) విడివిడిగా. పాట పాటకీ విడిగా కొలిచినప్పుడు ఆలాపనకి మైనస్ 24 వచ్చింది, తని ఆవర్తనానికి మైనస్ 17. ఒకదాన్ని ఆరు పెంచింది, ఇంకోదాన్ని ఒకటి తగ్గించింది. మైనస్ 18 దగ్గర రెండూ సమానం. యంత్రం దృష్టిలో పని పూర్తయింది.

అలా వాయించి మావయ్యకి వినిపించాను. ఆలాపన మొదట్లో ఏమీ అనలేదు. తర్వాతి ట్రాకు మొదలైన క్షణంలో ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "తంబూర ఏమైంది?" అన్నారు. అంతసేపూ వెనకాల నిండుగా మోగుతున్న శ్రుతి, ట్రాకు మారిన చోట ఒక్కసారిగా దిగిపోయింది. వేదిక మీద ఎవరూ ఏమీ చెయ్యలేదు, సర్దుబాటు అంకె మారిందంతే. చప్పట్లు కూడా అంతే, ఒక ట్రాకు చివర మొదలైన చప్పట్లు తర్వాతి ట్రాకులో వేరే హాలువైపోయాయి. గాయకుడు మంద్రంలో గొంతు దాచుకుని, మెల్లగా తారస్థాయికి తీసుకెళ్ళి, ఆఖర్న మృదంగానికి వదిలిపెట్టే ఆ మెట్లన్నీ చదునైపోయాయి.

ఆల్బమ్ గెయిన్ ఉన్నది ఇందుకే. కచేరీ మొత్తాన్ని ఒక్కటిగా కొలిచి అన్ని ట్రాకులకీ ఒకే అంకె రాస్తుంది. మా సీడీకి అది ఒక్క డెసిబెల్ పెంపు, అంతే. ఆలాపన మెల్లగానే ఉంటుంది, తని గట్టిగానే ఉంటుంది, తంబూర చోటు కదలదు. సినిమా పాటలకీ ఇది కొంత వర్తిస్తుంది. ఒకే సినిమాలో జోలపాట, జాతర పాట రెండూ ఒకే ఎత్తున మోగాలని సంగీత దర్శకుడు అనుకోడు కదా. కానీ షఫుల్‌లో వేరే సినిమా పాటల మధ్య జోలపాట వస్తే, అది మెల్లగా ఉందని మళ్ళీ రిమోటే. ఫూబార్‌లో దీనికి మంచి ఎంపిక ఉంది: వాయించే వరసని బట్టి. షఫుల్‌లో ఉంటే ట్రాకు అంకె, వరసగా వింటుంటే ఆల్బమ్ అంకె వాడుకుంటుంది. కచేరీల్ని షఫుల్ జాబితాలోంచి పూర్తిగా తీసేశాను. తని ఆవర్తనం ముగింపు కోర్వై ఊపులో ఉండగా మా అబ్బాయి పాటొకటి ఊడిపడితే ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ సెట్టింగుల్లోనే ప్రీయాంప్ అని రెండు జారుడు మీటలుంటాయి. ఒకటి ట్యాగు ఉన్న ఫైళ్ళకి, రెండోది లేనివాటికి. రెండోదాన్ని చాలామంది చూడరు. స్కాన్ చెయ్యని కొత్త పాట ఒకటి జాబితాలో చేరితే, సర్దిన పాటల మధ్య అది తొమ్మిది పది డెసిబెళ్ళు ఎక్కువగా పేలుతుంది. ట్యాగు లేనివాటికి మైనస్ 8 పెట్టాను. మా అబ్బాయి ఏది తెచ్చి వేసినా ఇప్పుడు ఇల్లు ఉలిక్కిపడదు.

అంకెలన్నీ కుదిరాక చెవితో పరీక్ష పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం మావయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, పెంచాలనిపిస్తే చెయ్యి పైకి, తగ్గించాలనిపిస్తే కిందికి అని చెప్పి షఫుల్ వేశాను. చాలా పాటలకి చెయ్యి ఒళ్ళోంచి కదల్లేదు. నాదస్వరానికి కిందికి దించారు. బేస్ దట్టంగా ఉన్న కొత్త పాటకి ఊరుకున్నారు గానీ, పక్కనే ఉన్న మా అబ్బాయి అది గట్టిగా ఉందన్నాడు. పాత పాటల్లో సన్నటి గాయనుల గొంతులకి మావయ్య పెంచమన్నారు, నాకేమో ఆ గొంతులు సరిపోయాయి. నాకర్థమైంది ఇదీ: కొలత లెక్కలో వినేది సగటు మనిషి. వయసు పైబడితే ముందు పోయేది పై స్థాయి శబ్దాలే. మావయ్య చెవీ మా అబ్బాయి చెవీ ఆ సగటుకి చెరో పక్కన ఉన్నాయి. అందుకని ఆయన ఫోన్లో పవరాంప్ అనే ప్లేయరు వేసి, రీప్లేగెయిన్ చదివేలా పెట్టి, ఈక్వలైజరులో పై భాగం కొంచెం పెంచి ఇచ్చాను. హాల్లో స్పీకర్లకి మాత్రం సగటు మనిషే.

పాటల యాప్‌లు కూడా లోపల ఇదే పని చేస్తాయి. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్ దగ్గర పెడుతుంది, ఆపిల్ మ్యూజిక్ మైనస్ 16 దగ్గర. అదే బ్లూటూత్ స్పీకర్లో స్పాటిఫై ఆపి మా హార్డ్‌డిస్కు పాట పెడితే నాలుగు డెసిబెళ్ళు తగ్గినట్టు అనిపించేది అందుకే. మన పాటల్ని కూడా మైనస్ 14కి తెచ్చుకోవచ్చు కదా అంటే, పాత పాటల్లో ఎగిరిపడే డోలు దెబ్బలకి పైన చోటు మిగలదు. నాలుగు డెసిబెళ్ళ కోసం ఆ దెబ్బని పాడుచెయ్యడం నాకిష్టం లేదు. స్పీకరు వాల్యూమ్ రెండు గీతలు పెంచుకుంటే పోయేదేముంది?

కారు దగ్గర మాత్రం ఈ సుకుమారాలేవీ చెల్లలేదు. మా కారు స్టీరియోకి పెన్‌డ్రైవ్ పెడితే రీప్లేగెయిన్ ట్యాగులన్న మాటే దానికి తెలియదు. పాటనే మార్చాలి. దానికి ఎంపీ3గెయిన్ అని పాత ప్రోగ్రాము ఉంది. ఇది పాటని విప్పి మళ్ళీ కుదించదు కాబట్టి నాణ్యత తగ్గదు. ఎంపీ3లో ప్రతి ఫ్రేములోనూ గ్లోబల్ గెయిన్ అని ఒక అంకె ఉంటుంది, ఈ ప్రోగ్రాము ఆ అంకెని పైకో కిందికో జరుపుతుంది. ఒక్క మెట్టు అంటే 1.5 డెసిబెల్, అంతకంటే సన్నగా సర్దడం కుదరదు. ఎన్ని మెట్లు జరిపిందో ట్యాగులో రాసుకుంటుంది, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. తెలుగు లిపిలో పేర్లున్న ఫైళ్ళు నా దగ్గర అందులో ప్రశ్నార్థకాలుగా కనిపించాయి, కాబట్టి కారు కోసం తీసిన కాపీలకి ఇంగ్లిషు అక్షరాల్లోనే పేర్లు పెట్టాను. స్టీరియో తెరకి కూడా తెలుగు రాదు.

దాని మామూలు లక్ష్యం 89 డెసిబెళ్ళు. రెడ్‌హిల్స్ దాటి గుమ్మిడిపూండి వైపు హైవే ఎక్కాక టైర్ల చప్పుడుకి అది చాలదు. 92 పెట్టి చూశాను, కొన్ని పాత పాటలకి క్లిప్పింగ్ గడిలో ఎర్ర గుర్తు పడింది. వాటిని మాత్రం ఒకటి రెండు మెట్లు దించాను. తడ, సూళ్ళూరుపేట మీదుగా నెల్లూరు చేరేదాకా మా ఆయన చెయ్యి స్టీరియో మీదికి పోలేదు, అది చాలు. కచేరీలు కారులో పెట్టడం మానేశాం. ఆలాపన మెల్లగా ఉన్నప్పుడు రోడ్డు మింగేస్తుంది, దాన్ని వినిపించేంత పెంచితే తనికి అద్దాలు మోగుతాయి.

నాన్న పంపిన ప్రవచనాలు వేరే జాతి. ఒక్కో ఫైలుకీ ఒక్కో అంకె చాలదు, ఎందుకంటే తేడా ఫైలు లోపలే ఉంది. శాస్త్రిగారు మైకు దగ్గర పద్యం చదివి, అర్థం చెప్పేటప్పుడు జనం వైపు తిరుగుతారు. పద్యం మోగుతుంది, అర్థం పోతుంది. వీటికి శబ్దాన్నే మార్చక తప్పదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో లౌడ్‌నార్మ్ అని ఒక ఫిల్టరు ఉంది, చాలామంది అన్నిటికీ అదే చెప్తారు. రెండు విడతలుగా కొలిచి వాడితే మంచిదే. ఒక్క విడతలో వాడితే అది లోపల శాంప్లింగ్ రేటుని (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచి రాస్తారో ఆ లెక్క) 192 కిలోహెర్ట్జ్‌కి మారుస్తుంది, మనకి కావలసిన రేటు చెప్పకపోతే ఫైళ్ళు అనవసరంగా ఊరిపోతాయి. మాటలకి నాకు పనికొచ్చింది డైనాడ్‌నార్మ్ అన్న ఇంకో ఫిల్టరు. అర సెకను ముక్కలు తీసుకుని, ముందూ వెనకా చూసుకుంటూ మెల్లగా వాల్యూమ్ సర్దుతూ పోతుంది. దాని మామూలు సెట్టింగు పది రెట్లదాకా పెంచనిస్తుంది. అలా వదిలేస్తే శాస్త్రిగారు ఊపిరి తీసుకున్నప్పుడల్లా గుళ్ళో ఫ్యాన్లు, ఎవరిదో దగ్గు, బయట ఆటో హారను పైకి తేలతాయి. నాలుగు రెట్లకి దించితే సరిపోయింది. అత్తయ్యకి ఇప్పుడు అర్థం కూడా వినపడుతోంది, "ఇన్నాళ్ళూ పద్యాలే అనుకున్నాను" అంది.

ఒక్క క్యాసెట్టుని మాత్రం ఏమీ చెయ్యలేకపోయాను. మావయ్య, అత్తయ్యల పెళ్ళి క్యాసెట్టు. ఆ రోజుల్లో చేతి టేప్‌రికార్డర్లలో ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్ ఉండేది. శబ్దం పెరిగితే తనే తగ్గిస్తుంది, తగ్గితే తనే మెల్లగా పెంచుకుంటుంది. మాంగల్యధారణ దగ్గర గట్టిమేళం మొదలైన మొదటి దెబ్బ గట్టిగానే పడుతుంది, వెంటనే యంత్రం దాన్ని నొక్కేస్తుంది. మేళం ఆగాక రెండు మూడు సెకన్లపాటు ఏమీ ఉండదు, తర్వాత జనం గుసగుసలు, పిల్లల ఏడుపు, వంటవాళ్ళ కేకలు మెల్లగా ఉబ్బి గట్టిమేళం అంత ఎత్తుకి వస్తాయి. నేను మైనస్ 18కి తెచ్చేముందే ఆ పెట్టె అంతా ఒక ఎత్తుకి తెచ్చేసింది, అదీ టేపు మీదే. ఎక్కడ ఎంత నొక్కిందో రాసి పెట్టలేదు కాబట్టి వెనక్కి తిప్పడానికి దారి లేదు. చేత్తో వాల్యూమ్ గీత గీసి మేళం పెంచి, గుసగుసలు తగ్గించి ఒక కాపీ చేశాను. మావయ్య రెండూ విన్నారు. "ఇందులో మేళం బావుంది, అందులో మా అమ్మ మాట వినపడుతోంది," అన్నారు. రెండూ ఉంచాను, వేర్వేరు ఆల్బమ్ పేర్లతో.

ఇప్పుడు కొత్తగా ఏది వచ్చినా "రావలసినవి" అన్న ఫోల్డర్లో పడుతుంది. ట్యాగు సరిచేసి, మోనోనా కాదా చూసి, స్కాన్ చేసి, ఆ తర్వాతే పెద్ద ఫోల్డర్లోకి. కారు పెన్‌డ్రైవ్‌కి విడిగా కాపీ. హార్డ్‌డిస్కుకి ఇంకో హార్డ్‌డిస్కు బ్యాకప్, ఎందుకంటే పాటలు మళ్ళీ దొరకచ్చు గానీ మావయ్యతో కూర్చుని దిద్దిన ఆ ట్యాగులు మళ్ళీ దిద్దే ఓపిక నాకు లేదు. మా అబ్బాయికి ఫోల్డరు సంగతి చెప్పాను. వాడు పాటలు తిన్నగా పెద్ద ఫోల్డర్లోనే వేస్తున్నాడు. మైనస్ 8 మీట అలాగే ఉంచాను.